రోదసీయాత్రలో రోగనిరోధకశక్తి

1969 జులై 24వ తేదీన పసిఫిక్ మహాసముద్రంలో దిగిన ముగ్గురు వ్యోమగాములతో ఎవ్వరూ చేయి కలుపలేదు. చంద్రునిపై కాలు మోపి వచ్చిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎడ్విన్ ఆల్డ్రిన్‌లకు, కక్ష్యలో వారికై వేచియున్న మైకేల్ కాలిన్స్‌కు తల మొదలు పాదాల వరకు కప్పివేసే దుస్తులు తొడిగించి, హార్నెట్ అనే యుద్ధనౌకపై సిద్ధముగా ఉంచిన ఒక మూసిన గదిలోనికి పంపినారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సైతము ఆ గది కిటికీ అద్దానికి ఇవతల నిలిచియే వారిని అభినందించినాడు. అక్కడి నుంచి వారిని హూస్టన్ నగరంలో ఇందుకోసమే నిర్మించిన ప్రయోగశాలకు చేర్చినారు. ఆగస్టు 10వ తేదీ వరకు వారికి బయటి గాలి సోకలేదు.

ఈ జాగ్రత్త అంతా ఎందుకు? చంద్రునిపై మనకు తెలియని సూక్ష్మజీవులు ఉంటే, అవి వ్యోమగాముల వెంట భూమికి వచ్చి, ఎన్నడూ ఎరుగని అంటువ్యాధిని వ్యాపింపజేయునేమో అన్న భయము. అందుచేత చంద్రధూళిని ఎలుకలకు, కౌజుపిట్టలకు, చేపలకు, రొయ్యలకు, చివరకు బొద్దింకలకు కూడ ఎక్కించియో, తినిపించియో చూచినారు. వాటికి ఏమియు కాలేదు. అపోలో 11, 12, 14 యాత్రల నుంచి వచ్చిన వారిని ఈ విధముగా వేరుగా ఉంచి, చంద్రునిపై జీవమే లేదని తృప్తి చెందిన పిమ్మట, 1971లో అపోలో 15 నాటికి ఈ పద్ధతిని విడిచిపెట్టినారు.

భయపడవలసిన చోటు వేరే ఉన్నది. రోదసిలో మనుష్యునికి కీడు తలపెట్టగల సూక్ష్మజీవులు అతని వెంట భూమి నుంచి పోయినవే, పెక్కుమారులు అతని దేహంలోనే ఏండ్ల తరబడి కాపురమున్నవే. వాటిని అదుపులో ఉంచే శక్తి రోదసిలో సన్నగిల్లునని తెలిసికొనుటకు మూడు దశాబ్దాలకు పైగా పట్టినది. తెలిసికొనిన మార్గము కూడ తిన్ననిది కాదు. జలుబుతో మొదలై, చిక్కుడు గింజల మీదుగా, లాలాజలము దాక సాగినది.

మొట్టమొదటి సూచన 1968 అక్టోబరులో వచ్చినది. అపోలో వరుసలో మనుష్యులతో ఎగిరిన మొదటి నౌక అపోలో 7. బయలుదేరి 15 గంటలైనా కాకముందే నాయకుడు వాల్టర్ షీరాకు పడిశము పట్టినది. కొద్దికాలానికే తక్కిన ఇద్దరు, డాన్ ఐజెల్, వాల్టర్ కనింగ్‌హామ్ కూడ ఇబ్బంది పడినారు. నేలమీద పడిశము పెద్ద వ్యాధి కాదు. మందు వేసుకుంటే వారము, వేసుకొనకుంటే ఏడు రోజులు అని మనవారు హాస్యమాడుదురు. రోదసిలో సంగతి అట్లు కాదు. నేలమీద ముక్కులోని చీమిడి తన బరువుతో తానే క్రిందికి జారును. బరువు లేని చోట క్రిందు అనేదే లేదు. అది ముక్కులోను, నుదుటి ఎముకల వెనుక ఉన్న గుల్లలలోను పేరుకొని పోవును. గట్టిగా చీదుట తప్ప వేరు దారి లేదు. చీదితే చెవులు దిబ్బడలు పడును.

11 రోజులు ఈ బాధ అనుభవించిన ఆ ముగ్గురు, తిరిగి వాయుమండలంలో ప్రవేశించేటప్పుడు శిరస్త్రాణాలు ధరించుటకు నిరాకరించినారు. పీడనము మారేటప్పుడు ముక్కు మూసుకొని చెవులలోని ఒత్తిడిని సరిచేసికొనే వీలు ఉండదని, కర్ణభేరి పగులునని వారి వాదన. నేలమీది అధికారులు ఎంత చెప్పినా వినలేదు. ఆ మువ్వురిలో ఒక్కరు కూడ మరల రోదసికి పోలేదు. షీరా మాత్రము తరువాతి కాలంలో తాను రోదసిలో వాడిన జలుబు మందుకే టెలివిజనులో ప్రకటనలు ఇచ్చినాడు!

ఇది ఒక్కసారితో ఆగలేదు. అదే సంవత్సరము డిసెంబరులో చంద్రుని చుట్టివచ్చిన అపోలో 8లో నాయకుడు ఫ్రాంక్ బోర్మన్‌కు వాంతులు, విరేచనాలు అయినవి. మరుసటి సంవత్సరము అపోలో 9 వ్యోమగాములు మువ్వురికి పడిశము పట్టుటచేత నౌక ప్రయాణమే 3 రోజులు వెనుకబడినది. 1970 ఏప్రిల్ నాటి అపోలో 13 కథ తెలిసినదే అయినా, అందులో రోగాల పాలు ఎంతో చాల మందికి తెలియదు. ప్రయాణానికి సిద్ధమవుతున్న రోజులలో, ప్రత్యామ్నాయ బృందంలోని చార్లెస్ డ్యూక్‌కు ఒక మిత్రుని బిడ్డ నుంచి జర్మన్ తట్టు అంటుకున్నది. ఆ వ్యాధికి నిరోధకశక్తి లేని కెన్ మాటింగ్లీని ఆఖరు క్షణంలో ఆపివేసి, అతని చోట జాక్ స్విగర్ట్‌ను పంపినారు. మాటింగ్లీకి ఆ తట్టు రానే లేదు. కాని దారిలో ఆక్సిజను తొట్టి ప్రేలి, నీరు చాలక, చలిలో వణుకుతూ తిరిగివచ్చిన ఫ్రెడ్ హేజ్‌కు మాత్రము మూత్రమార్గంలో బాక్టీరియా చేరి జ్వరము వచ్చినది. ఆ బాక్టీరియా పేరు సూడోమోనాస్. ఆరోగ్యవంతుల జోలికి అంతగా పోక, బలహీనులను ఎన్నుకొని పట్టే జాతి అది.

మొత్తము అపోలో నౌకలు 11 సార్లు మనుష్యులతో ఎగిరినవి. నలుగురు రెండేసిమార్లు పోయినారు కావున, పోయినవారు 29 మంది. వీరిలో 15 మందికి యాత్రలో గాని, తిరిగివచ్చిన వారము లోపల గాని ఏదో ఒక అంటువ్యాధి కనిపించినట్లు లెక్క తేలినది. వీరందరు ఏరి ఎంచిన దృఢకాయులు. ఇట్టివారిలో సగానికి పైగా జబ్బుపడుట వైద్యులను ఆలోచింపజేసినది.

వెంటనే చేసిన పని సులభమైనది. అపోలో 14 మొదలు, ప్రయాణానికి 3 వారాల ముందునుంచి వ్యోమగాములను జనసమ్మర్దానికి దూరముగా ఉంచినారు. దగ్గరకు రాదగిన వారి పట్టిక వ్రాసి, వారికి కూడ వైద్యపరీక్షలు జరిపినారు. దీనితో జలుబులు, వాంతులు బాగా తగ్గిపోయినవి. దిగివచ్చినవారి నుంచి లోకాన్ని కాపాడుటకు ముందుగా అంత శ్రమపడి, ఎక్కబోయేవారిని లోకము నుంచి కాపాడవలెనని తరువాత తోచుట విచిత్రమే. ఈ రెండవ పద్ధతి మాత్రము నేటికీ నిలిచి ఉన్నది. 2025 జూన్‌లో అంతర్జాతీయ రోదసీ కేంద్రానికి పోయిన భారతీయుడు శుభాంశు శుక్లా, అతని సహచరులు కూడ ప్రయాణానికి ముందు ఇట్లే ఏకాంతవాసము చేసినారు.

అయితే వ్యాధి తగ్గినంత మాత్రాన అసలు ప్రశ్న తీరలేదు. ఆ 15 మంది జబ్బుపడినది కేవలము సూక్ష్మజీవులు ఎక్కువగా తగిలినందువలననా, లేక దేహము ఎదిరించే శక్తి తగ్గినందువలననా? మొదటిదానికి ఏకాంతవాసము మందు. రెండవదే నిజమైతే మందు వేరే వెదకవలెను. దీనిని తేల్చుటకు రక్తములోనికి చూడవలసి వచ్చినది.

రక్తంలోని తెల్లకణాలలో లింఫోసైట్లు ఒక తెగ. వీనిలో కొన్ని ప్రతిరక్షక పదార్థాలను తయారుచేయును. మరికొన్ని, గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో శిక్షణ పొందినవి, వైరస్ చేరిన కణాలను గుర్తుపట్టి చంపును, తక్కిన రక్షక కణాలను పనికి పురికొల్పును. థైమస్ పేరుతో వీటిని ‘టి’ కణాలు అందురు. ఈ గ్రంథి ప్రయోజనమేమో 1961లో జాక్ మిల్లర్ ఎలుకలపై పరిశోధించి చెప్పేవరకు లోకానికి తెలియనే తెలియదు. ‘టి’ కణము సామాన్యముగా నిద్రలో ఉన్నట్లు ఉండును. తనకు సంబంధించిన శత్రువు ఎదురైనప్పుడు మేల్కొని, పెరిగి, చీలి, ఒకటి రెండై, రెండు నాలుగై సైన్యముగా మారును. ఈ మేల్కొనుటయే రోగనిరోధకశక్తికి పునాది.

ఈ మేల్కొలుపును గాజునాళికలో చూపించవచ్చునని తెలిసినది ఒక ఆకస్మిక సంఘటన వలన. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ రక్తము నుంచి ఎర్రకణాలను విడదీయుటకు చిక్కుడు జాతి గింజల నుంచి తీసిన ఒక ప్రోటీనును వాడినాడు. అది ఎర్రకణాలను ముద్దగట్టించును. కొన్ని రోజుల తరువాత చూడగా, మిగిలిన లింఫోసైట్లు విభజన చెందుతూ కనిపించినవి! అవి ఇక పెరుగని ముసలి కణాలని అంతవరకు అందరు అనుకొనేవారు. చిక్కుడు గింజ సారము వాటికి శత్రువువలె తోచి మేల్కొలిపినదన్నమాట. ఆనాటి నుంచి ఒకరి లింఫోసైట్లు ఎంత చురుకుగా ఉన్నవో కొలుచుటకు ఈ గింజల ప్రోటీనులే పనిముట్లు అయినవి.

దీనిని వ్యోమగాముల విషయంలో మొదట వాడినది సోవియట్ శాస్త్రజ్ఞులు. 1969 అక్టోబరులో సోయజ్ 6, 7, 8 నౌకలు ఒకదాని వెంట ఒకటి ఎగిరినవి. ఏడుగురు మనుష్యులు ఒక్కొక్కరు సుమారు 5 రోజులు రోదసిలో గడిపినారు. మాస్కోలోని ఇరీనా కాన్‌స్టాంటినోవా, ఆమె సహచరులు వీరి రక్తాన్ని ప్రయాణానికి ముందు, తరువాత తీసి, చిక్కుడు ప్రోటీనుతో పరీక్షించినారు. తిరిగివచ్చిన పిమ్మట లింఫోసైట్ల స్పందన తగ్గినట్లు కనిపించినది. 1973లో ఈ ఫలితాన్ని ప్రకటించినారు. 1973-74లలో అమెరికావారి స్కైలాబ్‌లో 28, 59, 84 రోజులు ఉండి వచ్చిన వారిలో కూడ ‘టి’ కణాల పనితనము తగ్గియున్నట్లు తెలిసినది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఈ రక్తమంతయు నేలకు దిగిన తరువాత తీసినది. వాయుమండలంలో మండుతూ దూసుకొని వచ్చి, సముద్రంలోనో, మైదానంలోనో ధబాలున దిగిన మనుష్యుని దేహంలో కార్టిసోల్ వంటి హార్మోనులు పెల్లుబుకుచుండును. ఆ హార్మోనులు ఒక్కటే చాలును, లింఫోసైట్లను మందగింపజేయుటకు. పరీక్షకు కూర్చున్న విద్యార్థికి కూడ ఇట్టిదే కొంతవరకు జరుగును. కనుక దోషము రోదసిదా, దిగుటలోని అలసటదా, చెప్పుటకు వీలులేకపోయినది. మనుష్యుని ప్రక్కకు తప్పించి, కణాన్ని ఒక్కదానినే రోదసికి పంపితే తప్ప ఈ ముడి వీడదు.

ఆ పని చేసినవాడు స్విట్జర్లండులోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఆగుస్టో కోగొలి. 1983 నవంబరు 28వ తేదీన కొలంబియా నౌకలో స్పేస్‌లాబ్ 1 అనే ప్రయోగశాల కక్ష్యలోనికి పోయినది. కోగొలి మనుష్యుల రక్తము నుంచి తీసిన లింఫోసైట్లను, దేహపు వెచ్చదనము గల చిన్న పెట్టెలో పెట్టి పంపినాడు. కక్ష్యలో వాటికి కంకనావలిన్ అనే ప్రోటీను కలిపినారు. మన పల్లెలలో దొడ్ల మీద పాకే తమ్మకాయకు దగ్గర చుట్టమైన ఒక చిక్కుడు నుంచి ఈ ప్రోటీను లభించును. (జేమ్స్ సమ్నర్ 1926లో మొదటిసారిగా ఒక ఎంజైమును స్ఫటికరూపంలో సాధించినది కూడ ఈ గింజ నుంచే. జీవశాస్త్రము ఆ చిక్కుడుకు చాల ఋణపడి ఉన్నది.) అదే సమయంలో అవే కణాలను నేలమీద కూడ అదే ప్రోటీనుతో కలిపి ఉంచినారు.

మూడు రోజుల పిమ్మట ఫలితము చూస్తే, రోదసిలోని కణాలు మేల్కొనినది నేలమీది వాటిలో నూటికి 3 పాళ్లకంటె తక్కువ! అవి చావలేదు, బ్రతికియే ఉన్నవి. పిలుపు మాత్రము వినిపించుకొనలేదు. మిల్లీమీటరులో నూరవవంతుకు మించని కణమునకు బరువు ఉన్నదో లేదో తెలియుట ఎట్లు అని చాలమంది విస్తుపోయినారు. అంత చిన్న వస్తువుపై గురుత్వాకర్షణ ప్రభావము లెక్కకు రాదని భౌతికశాస్త్రజ్ఞులు అంతవరకు అనుకొన్నారు.

‘రోదసిలో గురుత్వాకర్షణ లేదు’ అని మనము సామాన్యముగా అనుట తప్పని ఇక్కడ గుర్తుచేసుకొనవలెను. 400 కిలోమీటర్ల ఎత్తున భూమి ఆకర్షణ నేలమీది దానిలో నూటికి 90 పాళ్లు ఉండనే ఉన్నది. నౌక, అందులోని మనుష్యుడు, అతని రక్తకణము మూడును ఒకే వేగంతో భూమి చుట్టూ పడుతూనే ఉన్నందువలన ఒకదానిపై ఒకటి బరువు మోపవు. తాడు తెగిన లిఫ్టులో నిలిచినవాడు నేలను తొక్కలేని విధమే ఇది.

కోగొలిని కొందరు నమ్మలేదు. రాకెట్టు అదురు వలననో, రోదసిలోని కిరణాల వలననో కణాలు దెబ్బతిని ఉండవచ్చునని వారి శంక. ఈ శంకను 1985 శరత్కాలంలో చాలెంజర్ నౌకలో జరిపిన ప్రయోగము చాలవరకు తీర్చినది. కొన్ని కణాలను ఊరక ఉంచి, కొన్నింటిని నౌకలోనే ఒక సెంట్రిఫ్యూజిలో గిరగిర తిప్పి, భూమిపై ఉండేటంత బరువు కల్పించినారు. అదురు ఒకటే, కిరణాలు ఒకటే, బరువులోనే తేడా. తిరిగిన కణాలు మేల్కొన్నవి. తేలిన కణాలు మేల్కొనలేదు. ఈ చరిత్రలో ఇంతకంటె చక్కని ప్రయోగము మరియొకటి లేదు. ఒకే చలరాశిని మార్చి తక్కినవన్ని స్థిరముగా ఉంచుట అంటే ఏమిటో పాఠశాలలో చెప్పదలచిన ఉపాధ్యాయునికి ఇది మంచి ఉదాహరణ.

తరువాత 1991 జూన్‌లో మరియొక ప్రయోగము కథను మలుపు త్రిప్పినది. ఈసారి కొన్ని లింఫోసైట్లను సన్నని పూసలకు అంటించి పంపినారు. పట్టుకొనుటకు ఆధారము దొరికిన ఆ కణాలు రోదసిలో కూడ మేల్కొన్నవి. నేలమీద కంటె హెచ్చుగానే విభజన చెందినవి. దీనినిబట్టి ఒక సంగతి తెలిసినది. ‘టి’ కణము ఒంటరిగా మేల్కొనదు. మోనోసైటు అనే మరియొక తెల్లకణము దానిని తాకి, సంకేతమందించవలెను. నేలమీది గాజుపాత్రలో కణాలన్ని అడుగుకు చేరి, ఒకదానినొకటి ఒరసికొనుచుండును. భారరహిత స్థితిలో అవి విడివిడిగా తేలియుండును. మోనోసైట్ల కదలిక కూడ మందగించును. కబురు అందక సైన్యము శిబిరంలోనే ఉండిపోవును.

ఇంతటితో విషయము పూర్తికాలేదు. ఆ 1991 యాత్రలో స్వయముగా పాల్గొన్న మిల్లీ హ్యూస్-ఫుల్‌ఫర్డ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, భూమికి తిరిగివచ్చిన తరువాత ఈ ప్రశ్నకే తన ప్రయోగశాలను అంకితము చేసినారు. 2006లో ఆమె బృందము అంతర్జాతీయ రోదసీ కేంద్రంలో, మరల సెంట్రిఫ్యూజి తోడుగా, ‘టి’ కణాలలో ఏ జన్యువులు పలుకుచున్నవో, ఏవి మౌనముగా ఉన్నవో పరిశీలించినది. మేల్కొలుపు వినగానే మొట్టమొదట పనిచేయవలసిన జన్యువులు కొన్ని భారరహిత స్థితిలో అణగియున్నట్లు 2012లో ప్రకటించినారు. అనగా లోపము కణాలు ఒకదానినొకటి తాకుటలోనే కాదు, కణము లోపలి సంకేతపు గొలుసులో కూడ ఉన్నది.

గాజునాళిక సంగతి ఇట్లుండగా, మనుష్యుని దేహంలో కూడ ఇట్లే జరుగునా? రక్తము ప్రవహించుచుండును, లింఫు గ్రంథులలో కణాలు ఒత్తుగా ఉండును, అక్కడ తాకిడికి కొరత లేదు. నాళికలో నూటికి 3కు పడిపోయినంత మాత్రాన దేహంలో రక్షణ అంతగా కూలిపోవునని చెప్పరాదు. అట్లు కూలిపోతే నెలల తరబడి రోదసిలో నివసించి వచ్చినవారు బ్రతికి ఉండేవారు కారు. ఈ విచక్షణ లేక కొందరు పత్రికలవారు అతిగా వ్రాయుట కద్దు.

దేహంలో జరిగేది కొలుచుటకు ఒక సాధనము చర్మపరీక్ష. క్షయ సోకినదో లేదో చూచుటకు ముంజేతిపై సూదితో మందు పొడిచి, రెండు మూడు రోజులకు వచ్చే దద్దురును కొలిచే పద్ధతి మన ఆసుపత్రులలో అందరికి తెలిసినదే. ఆ దద్దురు ‘టి’ కణాల పని. ఇట్టి పరీక్షనే షటిల్ నౌకలలో 10 మంది వ్యోమగాములపై కక్ష్యలోనే జరిపి, దద్దురులు నేలమీదికంటె చిన్నవిగా వచ్చినట్లు 1992లో ప్రకటించినారు. దిగిన తరువాతి అలసట అన్న వాదన దీనితో నిలువలేదు.

మరియొక సాధనము ఎవ్వరూ ఊహించనిది. అది వ్యోమగామి నోటిలోనే ఉన్నది. చిన్నతనంలో ఆటలమ్మ పోసినవారికి ఆ వైరస్ దేహాన్ని విడిచిపోదు. వెన్నెముక ప్రక్కనున్న నాడీకణాలలో దాగి నిద్రించును. ముసలితనంలోనో, మనస్తాపంలోనో కాపలా సడలినప్పుడు లేచి, ఒక నాడి వెంట పాకివచ్చి, నడుముకో రొమ్ముకో ఒకవైపున పట్టెవలె బొబ్బలు లేపును. దీనినే మనవారు సర్పి అందురు. ఆటలమ్మయే సర్పిగా తిరిగివచ్చునని 1965లో స్పష్టముగా వాదించినవాడు ఏ పెద్ద పరిశోధనాలయానికో అధిపతి కాదు. ఇంగ్లండులో ఒక చిన్న పట్టణపు వైద్యుడు, రాబర్ట్ హోప్-సింప్సన్. తన రోగులను ఏండ్ల తరబడి శ్రద్ధగా గమనించుటయే ఆయన పరికరము. ఈ కుటుంబానికే చెందిన హెర్పిస్ వైరసులు మరికొన్ని పెద్దలలో చాలమంది దేహంలో చిన్ననాటి నుంచి దాగియుండును. వాటిని నిద్రపుచ్చి ఉంచేవి ముఖ్యముగా ‘టి’ కణాలే. అందుచేత ఆ వైరసులు లేచినవంటే, కాపలా సడలినదని అర్థము.

హూస్టన్‌లోని నాసా శాస్త్రజ్ఞులు డ్వేన్ పియర్సన్, సతీశ్ మెహతా ఈ ఆలోచనతో వ్యోమగాముల లాలాజలాన్ని సేకరింపసాగినారు. యాత్రకు ముందు, యాత్రలో, తరువాత తీసిన నమూనాలలో వైరస్ జాడ వెదకినారు. 2019లో ప్రకటించిన లెక్క ఇది: తక్కువ కాలపు షటిల్ యాత్రలలో 89 మందికి 47 మందిలోను, రోదసీ కేంద్రంలో ఎక్కువకాలము ఉన్న 23 మందికి 14 మందిలోను ఈ వైరసులు మేల్కొని లాలాజలంలోనికి వచ్చినవి. దిగిన తరువాత కూడ నెల వరకు వచ్చుట కద్దు. వీరిలో ఆరుగురికి మాత్రమే ఏవైనా రోగలక్షణాలు కనిపించినవి. తక్కినవారికి తమ దేహంలో ఏమి జరుగుచున్నదో తెలియనే తెలియదు. అయితే కొందరి లాలాజలంలోని ఆటలమ్మ వైరస్ ప్రయోగశాలలో పెంచితే పెరిగినది. అనగా అది ప్రాణముతో ఉన్నది, పరులకు అంటగలదు. ఇంటికి వచ్చి పసిబిడ్డను ముద్దాడబోయే వ్యోమగామికి ఇది ఉపేక్షించదగిన విషయము కాదు.

2015లో బ్రయన్ క్రూసియన్ అనే నాసా శాస్త్రవేత్త బృందము, రోదసీ కేంద్రంలో ఆరేసి నెలలు ఉన్న 23 మంది రక్తాన్ని గూర్చి తెలిపిన విషయాలు దీనికి సరిపోయినవి. రక్తము కక్ష్యలో తీసినదే. కణాలు చావకముందు పరీక్షించుటకు, భూమికి బయలుదేరే నౌక తలుపు మూయబోయే ముందు దానిని తీసి, దిగగానే విమానంలో హూస్టన్‌కు పంపినారు. రోదసిలో కొన్ని వారాలకు దేహము అలవాటుపడి తేరుకొనునేమో అన్న ఆశ ఉండెను. అట్లు జరుగలేదు. ‘టి’ కణాల మందకొడితనము ఆరు నెలలు సాగినది.

ఇంకొక వైపున శత్రువు బలము కూడ పెరుగవచ్చునని 2006 సెప్టెంబరులో అట్లాంటిస్ నౌకలో షెరిల్ నికర్సన్ జరిపిన ప్రయోగము చూపినది. ఆహారాన్ని విషతుల్యము చేసే సాల్మొనెల్లా బాక్టీరియాను కక్ష్యలో పెంచి, దించి, నేలమీది ఎలుకలకు ఇచ్చినారు. నేలమీదనే పెరిగిన సాల్మొనెల్లాకంటె అది ఎలుకలను త్వరగా చంపినది.

ఇవన్ని వినుటకు దిగులుగా ఉన్నను, ఊరట కలిగించే సంగతులు లేకపోలేదు. స్కాట్ కెల్లీ 2015-16లో 340 రోజులు రోదసిలో ఉండగా, అతని కవల సోదరుడు మార్క్ నేలమీదనే ఉన్నాడు. స్కాట్ కక్ష్యలోనే ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసుకున్నాడు. టీకాకు అతని దేహము నేలమీద స్పందించినట్లే స్పందించినదని 2019లో తెలిపినారు. ఒక్క మనుష్యుని అనుభవమే అయినా ఇది విలువైనది. మరియు రోదసీ కేంద్రంలో మెరుగైన వ్యాయామ యంత్రాలు, పడుకొనుటకు వేరు గదులు, తరచు వచ్చే తాజా ఆహారము, ఇంటివారితో మాట్లాడే సౌకర్యము ఏర్పడిన పిమ్మట, మనస్తాపపు హార్మోనులు తగ్గి, వైరసులు మేల్కొనుట కూడ తగ్గినట్లు 2020లో క్రూసియన్ బృందమే వ్రాసినది. దీనినిబట్టి దోషంలో కొంత భారరహిత స్థితిదైతే, కొంత నిద్రలేమిది, ఒంటరితనానిది, అలసటది అని తేలుచున్నది. ఈ రెండవ పాలు మనుష్యుడు సవరించుకొనగలడు. మొదటిపాలు సెంట్రిఫ్యూజి వంటి కృత్రిమ భారము లేనిదే పోదేమో.

దీని వెల ఏమిటో తెలుపు సంఘటన ఒకటి 1985లో జరిగినది. సెప్టెంబరులో వ్లాదిమీర్ వాస్యుతిన్ సోవియట్ రోదసీ కేంద్రము సల్యూత్ 7కు నాయకుడై పోయినాడు. అక్కడ నెలల తరబడి ఉండవలెనని ఏర్పాటు. కాని అతనికి ప్రోస్టేటు గ్రంథి వాపు, జ్వరము పట్టుకొన్నవి. మందులు పనిచేయలేదు. పని సాగలేదు. 65వ రోజున, నవంబరు 21వ తేదీన, సహచరులిద్దరితో సహా అతనిని భూమికి దించి ఆసుపత్రిలో చేర్చినారు. యాత్ర నడుమనే ముగిసినను మనుష్యుడు దక్కినాడు. భూమికక్ష్యలో ఉన్నవానికి నేల కొన్ని గంటల దూరము. చంద్రుని వద్ద నుంచి మూడు రోజుల దారి. కుజగ్రహము నుంచి బయలుదేరవలెనంటే మొదట భూమి, కుజుడు తగిన స్థానాలకు వచ్చేవరకు ఆగవలెను. పోయివచ్చుటకు మొత్తము రెండున్నర, మూడేండ్లు.

అంతకాలము రక్తాన్ని నేలకు దించి పరీక్షించుటకు ఏ నౌకయు ఉండదు. శీతలపెట్టెలో చోటు సైతము అపురూపమే. ఇందుకు ఒక చిన్న ఉపాయము రోదసీ కేంద్రంలోనే వాడి చూచినారు. వ్యోమగామి ఒక సన్నని కాగితాన్ని నోటిలో తడిపి, చిన్న పొత్తములో ఆరబెట్టి ఉంచును. శీతలపెట్టె అక్కరలేదు, సూది అక్కరలేదు. ఆరిన ఆ కాగితపు ముక్క నుంచి నెలల తరువాత కూడ, ఏ రోజున ఏ వైరస్ నిద్రలేచినదో చదువవచ్చును.